ఎడమవాలు కుట్టు

రెమిజో కాళ్ళ కొలత పట్టుకుని అతని కోడలు నీవెస్ వచ్చేసరికి, ఒనొరీనా వాకిట్లో ఎండకు కూర్చుని చిక్కుడుగింజల్లో రాళ్ళు ఏరుతోంది. మార్చి నెల. పైకప్పుల మీద మంచు కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది.

"అత్తా, మామయ్య పంపాడు," అంటూ నీవెస్ ఒక అట్టముక్క ఆమె ఒళ్ళో పెట్టింది. అట్ట మీద పెన్సిలుతో గీసిన రెండు పాదాలు. ఇంతింతేసి పాదాలు.

ఆ కొలత దేనికో ఇద్దరూ నోరు విప్పి అనుకోలేదు. ఆ కొండల్లో పూర్వం అందరూ తొడుక్కున్నవి గుడ్డజోళ్ళే. చిరిగిన చొక్కాలు, దుప్పటి పేలికలు పొరలుపొరలుగా పేర్చి, మైనం పట్టించిన జనపదారంతో, దబ్బనంతో దగ్గరదగ్గరగా కుడితే అడుగు తయారవుతుంది. దానిపైన నల్ల మఖ్మలు. ఇప్పటి పిల్లలు పండక్కి తప్ప వాటి మొహం చూడరనుకోండి. చావుకు మాత్రం అవే కావాలి. ఆ వల్దేరియ ఊళ్ళో మనిషిని తోలుబూట్లతో పెట్టెలో పడుకోబెట్టరు. ఆ ఆఖరి జత ఇంటివాళ్ళు కుట్టకూడదు, పరాయి ఇంటి ఆడమనిషి కుట్టాలి, ఊరికే కుట్టాలి. అడిగితే కాదనకూడదు. కాదన్నదానికి తన వంతు వచ్చినప్పుడు ఎవరూ కుట్టరు. అంతదాకా ఎవరూ తెచ్చుకోలేదు కూడా. యుద్ధకాలంలో ఫాసిస్టుల నల్లచొక్కా తొడుక్కుని ఊరందరి మీదా పెత్తనం చేసిన గుమాస్తాకి సైతం ఈ ఒనొరీనాయే కుట్టిపెట్టింది, కుట్టుకుట్టుకీ ఒక తిట్టు తిడుతూ.

"కొలత సరేలే. మీ మామయ్యని ఒకసారి రమ్మను," అంది ఒనొరీనా.

"గుండె బాగాలేదు కదత్తా. మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు."

"మా ఇల్లు కిందే కదే. దిగి రమ్మను."

"మళ్ళీ ఎక్కాలిగా?"

"నెమ్మదిగా ఎక్కమను. పరుగెత్తమని ఎవరన్నారు? పరుగులో ఆయన ఘనుడే, ఒకప్పుడు."

నీవెస్‌కి అర్థం కాలేదు. నవ్వి ఊరుకుంది. మంచి పిల్లే. పట్నం నుంచి కోడలిగా వచ్చి, ఒనొరీనా దగ్గరే కుట్టు నేర్చుకుని, చర్చి పక్కన దుకాణం పెట్టింది. వేసవిలో కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళు గుడ్డజోళ్ళు ఎగబడి కొంటారు. ప్రతి జతకీ ఒక చిన్న కార్డు కట్టి ఉంటుంది. 'వల్దేరియ ప్రాచీన సంప్రదాయం, ఎడమవాలు కుట్టు' అని అచ్చు వేయించింది దాని మీద.

"ఏమే నీవెస్, ఆ కుట్టు ఎడమకే ఎందుకు వాలుతుందో తెలుసా నీకు?"

"మూడొందల ఏళ్ళ నాటి పద్ధతి కదత్తా మనది. కార్డు మీద రాయించాంగా."

"మూడొందలని ఎవరు చెప్పారు?"

"మామయ్యే."

ఒనొరీనా చేతిలో గింజలు పళ్ళెంలోకి జారిపోయాయి. ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా ఆమె ఆ అట్టముక్క వంకే చూస్తూ కూర్చుంది. మూడొందల ఏళ్ళట! నోరెలా వచ్చింది ఆ మహానుభావుడికి?

ఆ కుట్టుకి యాభై ఏళ్ళు. పుట్టిన రోజు కూడా ఒనొరీనాకి తెలుసు.

అప్పటికి జర్మన్లు ఆ కొండల్ని ఇటలీ నుంచి కోసి తమ కింద కలిపేసుకున్నారు. మగవాళ్ళు తుపాకులు పట్టుకుని పైన గొడ్లపాకల్లో ఉండేవాళ్ళు. ఆడవాళ్ళు వీపున గంపలు కట్టుకుని మైదానానికి దిగి, మొక్కజొన్నపిండి తెచ్చేవాళ్ళు. పిండి అడుగున తూటాలుండేవి. కాళ్ళకి గుడ్డజోళ్ళుంటే రాతి మీద నడిచినా చప్పుడు కాదు, అందుకని పైనున్న వాళ్ళందరికీ కింద ఆడవాళ్ళే కుట్టి పంపేవాళ్ళు. ఎక్కువ కుట్టింది దొసోలీనా. ఒనొరీనా పక్కింటి పిల్ల, రెండేళ్ళు పెద్దది. తల్లి తప్ప ఎవరూ లేరు. ఎడమచేతివాటం మనిషి. అందరి కుట్టూ కుడికి వాలితే ఆమె కుట్టు ఎడమకి వాలేది. చూడనక్కర్లేదు, వేలితో తడిమినా తెలిసిపోయేది.

అక్టోబరులో ఒక శుక్రవారం కింద వంతెన దగ్గర మన వాళ్ళు జర్మన్ లారీని కొట్టారు. సాయంత్రానికి రెమిజో దొడ్డిదారిన ఒనొరీనా వాళ్ళ గొడ్లసావిడిలోకి వచ్చి పడ్డాడు. దొసోలీనా అక్కడే ఉంది. అతని కాళ్ళు చూస్తే అరికాలంతా చీరుకుపోయి నెత్తురు.

"నీ జోళ్ళేవిరా?" అంది దొసోలీనా.

"ఒడ్డున పెట్టొచ్చా."

"పెట్టొచ్చావా?"

"ఏట్లో దిగుతున్నా కదా... తడుస్తాయని..."

"ఒరేయ్, వెనక తుపాకులు పేలుతుంటే, జోళ్ళు తడుస్తాయని విప్పావా?"

"పక్కపక్కనే పెట్టా," అన్నాడు రెమిజో ఏడుపుమొహంతో.

దొసోలీనా ఆవు మెడ పట్టుకుని మరీ నవ్వింది. ఒనొరీనాకీ నవ్వాగలేదు. పాపం, అతని తప్పు కాదది. ఆ ఊళ్ళో నడక నేర్చిన పిల్లాడికి మొదట నేర్పేది అదే. గుడ్డ అడుగు నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, దారం కుళ్ళుతుంది, అమ్మ నెల రోజుల కష్టం గంగపాలు. అందుకని నీళ్ళ ఒడ్డున ఆగు, విప్పు, చేతబట్టుకో. చెప్పిన మాట వినకపోతే వీపు చిట్లగొట్టేవాళ్ళు. తల ఆలోచించేలోగా కాళ్ళే ఆగిపోయి ఉంటాయి. విప్పడమైతే విప్పాడు గానీ చేతబట్టుకోవడం మర్చిపోయాడు. ప్రపంచంలో మరెవడూ చెయ్యని పని, వల్దేరియ వాడు మాత్రమే చేస్తాడు. దొసోలీనా అతని కాళ్ళు కడిగి, గుడ్డ చుట్టి, పైకి పంపించింది.

మర్నాడు పొద్దున్నే జర్మన్లు ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళ ఆఫీసరు చేతిలో రెమిజోకి దొసోలీనా కుట్టిన ఆ జత ఉంది. వెంట వచ్చిన దుబాసీ లోయలోని మనిషే. ఈ కొండల్లో ఎవరి కుట్టు ఎవరిదో మొహం చూసి పోల్చినట్టు పోల్చేస్తారని వాడే చెప్పాడు ఆఫీసరుకి. అట్లా గుట్టు విప్పి ఏం బావుకున్నాడో వాడికే తెలియాలి. రేపు ఆదివారం పూజ కాగానే ప్రతి ఆడదీ తను కుట్టుకున్న జోళ్ళు చేతబట్టుకుని నిలబడాలి, కుట్టు కలిసిన దాన్ని తీసుకుపోతాం, అదీ హుకుం.

ఒనొరీనా స్నేహితురాలు నొయేమీ వాళ్ళమ్మ కతీనా గొడ్లసావిడికి ఊరి ఆడవాళ్ళంతా చేరారు. దొసోలీనా ముందే లేచింది. "నేను వెళ్ళి ఒప్పుకుంటా, మీరెందుకు మధ్యన," అంది.

"కూర్చోవే," అంది కతీనా. "ఒప్పుకుంటుందట! దబ్బనాలు తియ్యండమ్మా అందరూ. అడుగుపొరలు విప్పండి. ఎడమకి కుట్టండి."

అంతే. గొడ్ల మధ్య గడ్డి మీద కూర్చుని ఊరంతా ఎడమచేత్తో కుట్టింది. అలవాటు లేని చేతికి దబ్బనం ఊరుకుంటుందా? గుచ్చుకుని, గుచ్చుకుని, వేళ్ళు తూట్లు పడ్డాయి. ముసలాళ్ళు దేవుణ్ణి కూడా కలిపి తిట్టారు. దొసోలీనా మధ్యలో కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి పట్టు నేర్పింది. "ఎడమచేత్తో కుడుతున్నానని చిన్నప్పుడు మా అమ్మ గరిటెతో వేసేది. చూడవే అమ్మా, ఇవాళ ఊరంతా నా చేతివాటమే," అంది. ఆ మాటకి వాళ్ళమ్మ ఏడుస్తూ నవ్వింది. కుట్టడం అయ్యాక, కొత్తదారం తెలియకుండా అందరూ అడుగులకి పేడా బురదా రుద్దారు.

ఆదివారం ఆఫీసరు ఒక్కో జతా తిరగేసి చూశాడు. అన్నీ ఎడమకే. దుబాసీ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. చివరి జతకి వచ్చేసరికి ఆఫీసరు మొహం జేవురించింది. వాడేం తెలివితక్కువవాడు కాదు, జరిగిందేమిటో అర్థమైంది. ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి అంటించండి అన్నాడు. కిరసనాయిలు డబ్బాలు దించారు.

అప్పుడు దొసోలీనా వరసలోంచి బయటికి వచ్చింది. "నావి," అంది. ఆఫీసరు నమ్మలేదు. దబ్బనం ఇచ్చి కుట్టమన్నాడు. ఆమె అందరి ఎదుటా ఎడమచేత్తో నాలుగు పోట్లు వేసి చూపించింది. ఆమె జోళ్ళు కూడా ఆ జతతో పాటు సంచిలో వేసుకున్నారు. వట్టి కాళ్ళతో లారీ ఎక్కింది. ఎక్కుతూ ఒనొరీనా వంక చూసి, "మా అమ్మకి పాలు పొయ్యి," అంది. అంతే అన్నది.

లోయలో వాళ్ళ శిబిరంలో నేల తుడిచే ఒకామె తర్వాత చెప్పింది. దొసోలీనాని అడిగింది ఒక్కటే ప్రశ్నట, ఆ జోళ్ళు ఎవరి కాళ్ళవని. రోజూ అదే అడిగేవాళ్ళట. నా కాళ్ళవే, నాకు కాళ్ళు పెద్దవి అనేదట. ఆమె పాదాలు చిన్నపిల్ల పాదాలంత ఉండేవి. పైన పాకలో రెమిజో ఆ చలికాలమంతా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు, అతని కోసం ఒక్కరూ రాలేదు. దొసోలీనాని జర్మనీలో ఆడవాళ్ళ శిబిరానికి పంపేశారు. తిరిగి రాలేదు. వాళ్ళమ్మ ఆ చలికాలంలోనే పోయింది.

యుద్ధం అయిపోయాక ఊళ్ళో ఒక్క ఆడది కూడా కుట్టు మళ్ళీ కుడికి తిప్పలేదు. ఒకరికొకరు చెప్పుకున్నది లేదు, ఒట్టు వేసుకున్నది లేదు. తిప్పబుద్ధి కాలేదు, అంతే. కూతుళ్ళకి ఎడమకే నేర్పారు. ఎందుకో చెప్పారా? కొందరు చెప్పారు, కొందరు ఏడుపొచ్చి చెప్పలేదు. తర్వాత ఆ కూతుళ్ళు పట్నాలకి, ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు.

నలభై ఆరులో చర్చి గోడకి రాయి పెట్టారు. ఏడుగురు మగవాళ్ళ పేర్లు. దొసోలీనా పేరేదని కతీనా అడిగితే, ఆయుధం పట్టి పోయినవాళ్ళకే అమ్మా అన్నారు. జోళ్ళ కోసం పోయింది కదా ఆ పిల్ల అన్నారు. ఏడవకుండా జర్మన్ లారీ ఎక్కిందంటే ఏముందో ఏమో అని గొణిగినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ నోట మన్నుపడ. రెమిజో అప్పుడు అక్కడే ఉన్నాడు. టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నేల చూశాడు.

ఆ రాయి ఇప్పుడు బీటలువారింది. ఏప్రిల్ ఇరవై అయిదున యాభయ్యో విమోచన దినానికి కొత్త రాయి నిలబెడుతున్నారని తెలిసి, ఫిబ్రవరిలోనే ఒనొరీనా ఊరి మేయరు ఎర్మెస్ దగ్గరికి వెళ్ళింది. కుర్రవాడు, మర్యాదస్తుడే, కుర్చీ వేసి కాఫీ ఇప్పించాడు.

"నాక్కూడా రాయించాలనే ఉంది పిన్నీ. కమిటీ వాళ్ళు సాక్ష్యం అడుగుతున్నారు."

"నేను లేనా? నొయేమీ లేదా? కళ్ళారా చూశాం."

"మీరంటే... గుర్తింపు పొందిన యోధులు చెప్పాలంటున్నారు పిన్నీ. ఆయుధం పట్టి మూడు నెలలు, మూడు దాడుల్లో..."

"మేం గుర్తింపు అడగలేదు నాయనా. అవి పంచిన రోజు ఆవుల పాలు పితకాల్సి ఉండింది."

ఎర్మెస్ తల దించుకున్నాడు. "పోనీ ఆ జోళ్ళు గానీ, పాత కుట్టు కుడికి ఉండేదని చూపించే జత గానీ ఎవరి ఇంట్లోనైనా ఉందా?"

ఉంటేనా! అన్నీ విప్పేసి తిరగకుట్టింది వాళ్ళే. ఒక్క కుట్టు మిగల్లేదు. ఆనవాలు లేకుండా చెయ్యడమే ఆ రోజు పని, ఆ పని బాగా చేశారు. ఇప్పుడు అదే మెడకి చుట్టుకుంది.

"రెమిజో తాత ఒక్కడే మిగిలాడు," అన్నాడు ఎర్మెస్. "ఆయన నోటితో ఒక్క మాట అంటే చాలు. వెంటనే చెక్కిస్తా."

అదీ సంగతి. ఒక్క మాట. అందుకే ఆ అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని ఒనొరీనా అంతసేపు కూర్చుంది.

రెండో రోజుకి రెమిజో వచ్చాడు. కర్ర పోటు వేసుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ. ఒనొరీనా లేచి కుర్చీ జరిపింది, గ్లాసులో ద్రాక్షసారా పోసింది. బల్ల మీద అతని జత సగం కుట్టి ఉంది.

"మొదలుపెట్టేశావే! నీ చెయ్యి చెయ్యే ఒనొరీనా," అన్నాడు సంతోషంగా.

"అడుగు కుట్టేశా. పైన మఖ్మలు వెయ్యాలి. దానికి ముందు నువ్వో మాట చెప్పాలి."

అతనికి వెంటనే అర్థమైంది. గ్లాసు కింద పెట్టాడు. "ఎర్మెస్ నాతో మాట్లాడాడులే."

"మరి?"

"ఏం చెప్పమంటావే? ప్రతి ఏడూ బడి పిల్లలకి వంతెన కథ చెప్తున్నా. మెడల్ ఇచ్చారు. ఇప్పుడు ఈ వయసులో లేచి, అయ్యా, నేను ఏటి ఒడ్డున జోళ్ళు విప్పి, మంచం పక్కన పెట్టినట్టు వరసగా పెట్టి వచ్చాను అని చెప్పనా? నవ్వుతారు."

"నవ్వనీ. ఆ రోజు దొసోలీనా కూడా నవ్వింది. నవ్వి నీ కాళ్ళు కడిగింది."

"ఆవిడ పోయింది. రాతి మీద రాస్తే ఆవిడకి ఒరిగేదేంటి?"

"చెప్తే నీకు పోయేదేంటి?"

రెమిజో గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పాడు. చివరికి, "నాకున్నది ఆ ఒక్క కథే ఒనొరీనా," అన్నాడు. ఒక్క క్షణం ఆమెకి జాలి వేసింది కూడా. నిజమే, ఆ తర్వాత అతని బతుకులో ఏముంది? స్విట్జర్లాండులో ఇటుకలు మోశాడు, పెళ్ళాం తొందరగా పోయింది, కొడుకు పలకడు. ఆ వంతెన ఒక్కటే మిగిలింది. కానీ ఆ వంతెనా మిగిలింది ఎవరి వల్ల?

"మూడొందల ఏళ్ళ నాటి కుట్టని నీ కోడలికి ఎందుకు చెప్పావ్?"

అతని మొహం ఎర్రబడింది. "ఏదో... కార్డు మీదకి కావాలంటే..."

"సిగ్గు లేదూ? ఆవిడ పేరు తినేశావు సరే, కుట్టు కూడా తినేశావ్!"

"నువ్వు కుడతావా, కుట్టవా?" అన్నాడు రెమిజో లేస్తూ. "కాదంటే ఏమవుతుందో తెలుసుగా నీకు."

"తెలుసు. ఏప్రిల్ ఇరవై అయిదున రాయి ముందు ఆ మాట చెప్పు. చెక్కాల్సిన పేరు తర్వాతైనా చెక్కిస్తారు. ఆ సాయంత్రం వచ్చి జత పట్టుకుపో. చెప్పకపోతే రావద్దు. ఆ రోజు వట్టి కాళ్ళతో వచ్చావుగా, అట్లాగే పో."

ఇరవై అయిదున ఊరంతా చర్చి ముందు చేరింది. బ్యాండుమేళం, జెండాలు, లోయలోంచి వచ్చిన పెద్దమనుషులు. ఒనొరీనా, నొయేమీ పక్కపక్కన నిలబడ్డారు. రెమిజో మెడల్ పెట్టుకుని, పండగ కదా అని కాళ్ళకి గుడ్డజోళ్ళు తొడుక్కుని వచ్చాడు. కోడలి దుకాణంలోవి. నిలబడి వంతెన కథ మొదలుపెట్టాడు. లారీ, తుపాకులు, పడిపోయిన స్నేహితుడు, పరుగు. అంతా ఎప్పటి మాటలే.

"ముందర ఏరు అడ్డం వచ్చింది," అన్నాడు.

అని ఆగాడు. ఎప్పుడూ అక్కడ ఆగేవాడు కాదు. చూపు దిగి తన జోళ్ళ మీద పడింది. అక్కణ్ణించి లేచి ఒనొరీనా మీద నిలిచింది. నొయేమీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పరా, చెప్పు, చెప్పు నా తండ్రీ అనుకుంది ఒనొరీనా. రెమిజోకి గుండెనొప్పేమోనని ఎర్మెస్ ఒక అడుగు ముందుకి వేశాడు.

"ఏరు అడ్డం వచ్చింది," అన్నాడు రెమిజో మళ్ళీ. "దాటాను."

చప్పట్లు మోగాయి.

ముసుగు తీశారు. ఏడు పేర్లూ మెరుస్తున్నాయి. కింద కొత్తగా ఒక వరస చెక్కించారు, ఎర్మెస్ అది పైకి చదివాడు. 'పోరాడిన వీరులకు అన్నమూ వెచ్చదనమూ అందించిన వల్దేరియ స్త్రీలకు కృతజ్ఞతలతో.' చదివి, ఏదో మంచి చేసినట్టు ఒనొరీనా వంక చూశాడు.

"వెచ్చదనమేంటే? మనమేమన్నా కుంపట్లమా?" అంది నొయేమీ, కొంచెం గట్టిగానే. ముందు వరసలో ఎవరో ఉష్ అన్నారు.

ఆ సాయంత్రం రెమిజో రాలేదు. వస్తాడేమోనని ఒనొరీనా తలుపు తీసే ఉంచింది, ఎంత వద్దనుకున్నా. దీపాలు పెట్టే వేళకి లేచి తలుపు వేసి, కుట్టిన అడుగుని దారం దారం విప్పేసింది.

బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో రెమిజో పోయాడు. పొద్దున్నే నీవెస్ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, జత ఇవ్వు."

"లేదు."

"కుట్టలేదా? అడుగు కుట్టడం నేనే చూశాగా!"

"విప్పేశా."

"ఎందుకత్తా?"

"మీ మామయ్యకి తెలుసు."

"ఆయన చచ్చిపోయాడత్తా!"

"అదేనే వచ్చిన చిక్కు," అంది ఒనొరీనా. ఆ పిల్ల మొహం చూస్తే జాలి వేసింది. దాని తప్పేముంది? కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. నీవెస్ విన్నది, కళ్ళు తుడుచుకుంది, వెళ్ళిపోయింది.

దుకాణం జోళ్ళు పనికిరావు, అవి ఇంటివాళ్ళ చేతివి. నొయేమీ వేళ్ళు వాతంతో వంకర్లు తిరిగిపోయాయి. ఇంక కుట్టేవాళ్ళు ఎవరున్నారు? చివరికి తోలుబూట్లే తొడిగారు.

మధ్యాహ్నం ఊరు ఊరంతా వచ్చింది. హాల్లో పెట్టె తెరిచి ఉంది. మెడల్ గుండె మీద ఉంది. అందరి చూపూ మాత్రం ఆ నల్ల బూట్ల మీదే. చూసి, ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడారు. ఒనొరీనా గుమ్మంలోకి రాగానే గుసగుస ఆగిపోయింది. ఇదే కావాలి తనకి. అడగండి, ఎందుకని అడగండి అనుకుంది.

ఎవరూ అడగలేదు. నీవెస్ ఎదురొచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, అందరికీ వినపడేలా అంది. "అత్తకి చూపు ఆనట్లేదు పాపం. కుట్టాలనే చూసింది. కళ్ళు మసకలు కదా, చేతకాలేదు."

అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. అయ్యో పాపం అన్నారు. ఎర్మెస్ వచ్చి, "బాధపడకు పిన్నీ, వయసు కదా, ఎవరేమంటారు," అని చెయ్యి నిమిరాడు. ఒకామె కుర్చీ తెచ్చింది. ఆ పిల్ల అన్నీ విని, అన్నీ తెలిసి, ఒక్క అబద్ధంతో తన మామని కాపాడుకుంది, ఒనొరీనానీ కాపాడింది. దొసోలీనాకి మాత్రం మళ్ళీ చోటు లేకుండా పోయింది. ఒనొరీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

కుర్చీ పక్కకి తోసేసింది. గౌను జేబులోంచి సూది తీసింది, ఆ జోళ్ళు కుట్టే దబ్బనం కాదు, సన్నపు సూది. దారం తీసి, కొస తడిపి, కళ్ళద్దాలైనా లేకుండా, అందరి ముందూ ఒక్కసారికే ఎక్కించింది. ఎక్కించి సూదిని వాళ్ళ మొహాల ముందు పట్టుకుంది. దారం తిన్నగా వేలాడింది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి," అంది. "కుట్టలేక కాదు, కుట్టను అన్నాను. ఇతను ఏటి ఒడ్డున వదిలిన జోళ్ళు దొసోలీనా కుట్టింది. వాటి కోసం జర్మన్లు ఆవిణ్ణి పట్టుకుపోయారు. ఎవరి కాళ్ళవని చావగొట్టి అడిగినా ఇతని పేరు చెప్పలేదు. ఇతను యాభై ఏళ్ళు ఆవిడ పేరు చెప్పలేదు. మీ అందరి ఇళ్ళల్లో ఉన్న కుట్టు ఆవిడ చెయ్యి. మూడొందల ఏళ్ళు కాదు. దొసోలీనా. పలకండి ఒకసారి. నోరు కాలదు."

నొయేమీ ఒక్కతే, "దొసోలీనా," అంది.

"పిన్నీ," అన్నాడు ఎర్మెస్ మెల్లగా, "శవం ముందా?"

"నిలబడి ఉన్నప్పుడు అడిగా నాయనా. చెప్పలేదు."

పాదిరీ గొంతు సవరించుకుని ప్రార్థన అందుకున్నాడు. అందరూ గబగబా గొంతు కలిపారు. ఆ రోజు ప్రార్థించినంత గట్టిగా వాళ్ళు అంతకు ముందెప్పుడూ ప్రార్థించలేదు. గుమ్మం దాకా దారి ఇచ్చారు గానీ ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. నీవెస్ తల తిప్పుకుంది.

ఇద్దరు ముసలమ్మలూ చర్చి ముందు నుంచి నడిచారు. కొత్త రాయి ఎండలో తళతళలాడుతోంది. ఏడు పేర్లు, కింద అన్నం, వెచ్చదనం. ఒనొరీనా ఆగలేదు. నొయేమీకి ఆయాసం వచ్చి మెట్టు మీద కూలబడింది.

"కాదన్నావుగా," అంది కాసేపటికి. "ఇంక నీకెవరూ కుట్టరే. నా చేతులా పనికిరావు."

"తెలుసు."

"వట్టి కాళ్ళతో పోతావా ఒనొరీనా?" అని ఏడ్చింది నొయేమీ.

ఒనొరీనా ఆమె పక్కన కూర్చుని, సూదిలోంచి దారం లాగి వేలికి చుట్టుకుంది.

"దొసోలీనా లారీ ఎక్కినప్పుడు కాళ్ళకేముందే?" అంది. "నేనూ అట్లాగే వెళ్తా."